రెండు చేతులూ పైకెత్తిన మనిషి

పోయిన నెల ఓ ఆదివారం, మా ఇద్దరి కోసం ఒక ఊరు ఊరంతా కొండెక్కి వచ్చింది. నమ్మరు కదా? మా అమ్మా నమ్మలేదు, వీడియో చూపించేక నమ్మింది. అయితే వచ్చినవాళ్ల చేతుల్లో పూలదండలేమీ లేవు. చీపుర్లు, పచ్చి కొమ్మలు, నీళ్ల బిందెలు ఉన్నాయి. ఎందుకో చెప్తాను గాని ముందు టీ తాగండి, చల్లారిపోతోంది.

మా నాన్న గురించి చెప్పాలి ముందు. రాయగడ రైల్వేలో క్యారేజ్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యేడు. బండి ప్లాట్‌ఫాం మీద ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని, చక్రం చక్రానికీ ఓ దెబ్బ వేసుకుంటూ పోయే మనుషుల్ని చూసేరా ఎప్పుడైనా? అదే పని. మంచి చక్రమైతే ఖంగుమంటుంది. ఎక్కడైనా చిట్లితే థబ్బుమంటుంది. థబ్బుమన్న డబ్బా మీద సుద్దతో 'సిక్' అని రాసేసి, బండిలోంచి విడదీసి పక్క లైన్లో పెట్టేస్తారు. సెంట్రీ లాగా వానలోనూ చలిలోనూ అదే నడక, అదే వినికిడి. "నా సెవి మీదే మీరందరూ బతికేరు" అంటాడు నాన్న. అబద్ధమేం కాదు. నా ఇంజినీరింగ్ ఫీజు కూడా ఆ చెవే కట్టింది.

ఆ చెవే ఇప్పుడు పనిచెయ్యడం లేదు. జీవితమంతా ఇనుము మీద ఇనుము మోగించుకున్న చెవి, అరిగిపోదూ మరి. దాంతో మా ఇంట్లో రహస్యమన్న మాటే లేకుండా పోయింది. అమ్మ వంటింట్లోంచి "కాకరకాయ తింటారా" అని నాన్నని అడిగితే, ఎదురింటావిడ "మాకొద్దమ్మా" అంటుంది. నాకు మొన్నొచ్చిన సంబంధం అబ్బాయికి బట్టతలని వీధి వీధికీ తెలిసిపోయింది. ఆ అబ్బాయి మేనత్త ఉండేదీ మా వీధిలోనే.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, లారీ సంగతి జరిగేదాకా. నాన్న పాలప్యాకెట్టుకని రోడ్డు దాటుతుంటే వెనకనుంచి లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చిందట. నాన్నకి వినబడితే కదా. లారీ బ్రేకేసి కిర్రుమని ఆగింది. డ్రైవరు దిగొచ్చి నానా తిట్లూ తిట్టేడు. ఆ తిట్లూ వినబడలేదు నాన్నకి. దారి అడుగుతున్నాడనుకుని స్టేషన్ వైపు చెయ్యి చూపించేడట. అమ్మ ఫోన్లో చెప్తూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను సునాబెడలో ఫ్యాక్టరీ డిజైన్ ఆఫీసులో ఉన్నాను, ఫోన్ పెట్టేసేక కాసేపు డ్రాయింగు మీద గీతలు కనబడలేదు నాకు. భయమేసింది. నిజంగా భయమేసింది.

చెవికి మిషన్ పెట్టుకో నాన్నా అంటే వినడు. రెండు రకాలుగానూ వినడు. "సక్రం సిట్లితే సెప్పే సెవి ఇది, దీనికి మిషనా?" అంటాడు. బతిమాలేను, అలిగేను, అమ్మ చేత ఉపవాసం కూడా చేయించేను. లాభం లేకపోయింది.

అప్పుడు మా ఆఫీసులో ఒకాయన మాటల్లో ఓ సంగతి చెప్పేడు. బిస్సమ్ కటక్ దాటేక లోపలికి వెళ్తే ఒక కొండ మీద మోగే రాళ్లున్నాయట. రాయితో కొడితే గంటల్లా మోగుతాయట. అక్కడివాళ్లు ఒడియాలో ఘంటాపథర అంటారట. టూరిస్టులెవరూ వెళ్లరు, బోర్డు కూడా లేదు, కొండ కింద జీడితోటలున్న చిన్న ఊరొకటి ఉంది, అంతే. నాకు ఒళ్లంతా హుషారొచ్చేసింది. రాళ్లు మోగడం ఒకటీ, నా బుర్రలో ప్లాను మోగడం ఒకటీ. నాన్నని ఆ కొండ మీదికి తీసుకెళ్తాను, రాళ్లు మోగుతాయి, నాన్నకి వినబడదు, ఇంక ఒప్పుకోక ఏం చేస్తాడు?

శనివారం లక్ష్మీపూర్ ఘాటీ దిగి రాయగడ వచ్చేసేను. ఆదివారం తెల్లారేసరికి అమ్మ పులిహోర కట్టేసింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన సొంత సుత్తి చేతికర్రలా పట్టుకుని, నాకంటే ముందే కారులో కూర్చున్నాడు. అది డ్యూటీ సుత్తి కాదు, రిటైరయ్యేక సరదా పడి అచ్చం అలాగే చేయించుకున్నది. దారిలో పందెం వేసేను, గట్టిగా అరిచి.

"రాయి మోగినట్టు నీకు వినబడకపోతే నాతో చెవుల డాక్టరు దగ్గరికి రావాలి నాన్నా."

"ఇనబడితే?"

"వినబడితే నేను మళ్లీ మిషన్ మాటెత్తను."

"ఎప్పుడూ ఎత్తకూడదు. మీ అమ్మా ఎత్తకూడదు. ఎదురింటావిడా ఎత్తకూడదు" అన్నాడు.

ఒప్పేసుకున్నాను. గెలిచేసినట్టే ఉంది నాకు.

బిస్సమ్ కటక్‌లో టీ కొట్టు దగ్గర ఆపి దారి అడిగేను. కొట్టాయన చక్కగా చెప్పేడు, రైలు గేటూ కాలవా దాటండి, జీడితోటల పక్కనుంచి పొండి అని. చెప్పి, "ఇంకో మాటమ్మా, ఆ పెద్ద రాయి ఉంది చూడండీ..." అని మొదలెట్టేడు. నేను అప్పటికే క్లచ్ వదిలేసేను. సరే సరే అని చెయ్యూపి ముందుకి పోనిచ్చేను. పెద్ద రాయిని మేం చూసుకోలేమా? పక్కనున్న నాన్నకి ఆయన మాట వినబడలేదు. నాకు వినబడింది గాని వినే టైము లేదు.

కొండ కింద కారు పెట్టి ఎక్కేం. ఎండలు ముదిరిన రోజులు, కాళ్ల కింద ఎండాకులు కరకరలాడుతున్నాయి. కొండ చిన్నదే, నాన్న ఒక్కచోటైనా ఆగలేదు. పైన చదునుగా ఉంది. అక్కడ, ఎవరో పంచిపెట్టినట్టు, నల్లటి రాళ్లు. నేను చిన్న గులకరాయి తీసి ఒకదాని మీద కొట్టేను. అబ్బ, ఏం మోగిందండీ. స్టీలు గ్లాసు మీద చెంచా పెట్టి కొట్టినట్టు. పక్కదాని మీద కొడితే ఇంకో స్వరం. నేను చిన్నపిల్లలా ఆ రాయి మీంచి ఈ రాయి మీదికి గెంతుతూ వాయించేస్తున్నాను. అసలు ఎందుకొచ్చేనో మర్చిపోయేను కాసేపు.

నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "ఏదీ, కొట్టు" అన్నాడు. కొట్టేను. "కొట్టేవా?" అన్నాడు. మళ్లీ కొట్టేను. ఆయన మొహం చూస్తే గెలిచినందుకు సంబరం రావాలి కదా, రాలేదు. నాన్న మాత్రం ఓటమి ఒప్పుకునే రకమా? సుత్తితో అటు చూపించేడు.

"ఇవి పిల్ల రాళ్లు, వీటికి దమ్ము నేదు. ఆ పెద్దదాన్ని సూడు."

కొండ అంచున, ఊరి వైపుకి ముందుకొచ్చి, పడుకున్న గేదెంత రాయి ఉంది. దాని వీపు మీద ఒకచోట నున్నగా అరిగిపోయి ఉంది. ఎవరో ఎప్పుడెప్పుడో కొట్టి కొట్టి అరిగినట్టు. ఆ అరుగుడు చూసేక కూడా ఎవరు కొట్టేరు, ఎందుకు కొట్టేరు అని అనుమానం రాలేదు నాకు. వీడియో బాగా వస్తుందనుకున్నాను.

నాన్న రాయి చుట్టూ ఒక రౌండు వేసేడు. వంగి కింద చూసేడు. గూడ్స్ బండి కింద చూసినట్టే. చొక్కా చేతులు మడిచేడు. కాళ్లు ఎడంగా పెట్టి, సుత్తి అలా ఊపి, ఒక్కటి వేసేడు.

నా పళ్లు జివ్వుమన్నాయి. పక్క కొండకెళ్లి తగిలి తిరిగొచ్చింది ఆ శబ్దం. చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయేయి. నేను ఫోన్ పట్టుకుని "వావ్ వావ్" అంటున్నాను.

నాన్న తల అడ్డంగా తిప్పేడు. "థబ్బుమంటంది. సచ్చిన రాయి ఇది. సిక్ లైన్‌కి పంపాల."

మళ్లీ కొట్టేడు, ఇంకా గట్టిగా. నాకు చెవులు గింగిర్లెత్తుతున్నాయి, ఆయనకి థబ్బు. ఇంకో చోట కొట్టేడు. థబ్బే. ఆయనకి పంతం వచ్చేసింది. యార్డులో ఎలా కొట్టేవాడో అలా ఒక లెక్కలో, ఒక ఊపులో కొట్టడం మొదలెట్టేడు. ఆ వయసులో ఆ భుజం చూడాలి మీరు. నాకు గర్వంగా కూడా ఉంది, ఏం దాచను.

అదిగో అప్పుడే కింద దారి మలుపులో ఓ మనిషి కనబడ్డాడు. మమ్మల్నే చూస్తూ, రెండు చేతులూ తలకంటే పైకి నిలువుగా ఎత్తి నిలబడ్డాడు.

నేనేం అనుకున్నానో చెప్తే నవ్వుతారు. మ్యాచ్‌లో సిక్స్ కొడితే జనం చేతులెత్తుతారు చూడండి, అలాగనుకున్నాను. పాపం ఆయనకి ఎంత నచ్చిందో అనుకుని నేనూ రెండు చేతులూ పైకెత్తేను. ఎత్తి ఊపేను. ఆయన గంతేసి మళ్లీ ఎత్తేడు, ఏదో అరిచేడు కూడా. నేనూ గంతేసేను. ఆయన ఈసారి తలగుడ్డ విప్పి రెండు చేతుల మధ్యా పట్టి ఎత్తేడు. నేను చున్నీ విప్పి ఎత్తేను. వెనక్కి తిరిగి నాన్నకి సైగ చేసేను, జనం వచ్చేరు, ఇంకా కొట్టు అని. ఆ సైగలు మాత్రం నాన్నకి బ్రహ్మాండంగా అర్థమయ్యేయి. ఉన్న బలమంతా పెట్టి కొట్టేడు.

కాసేపటికి జీడితోటల్లోంచి మనుషులు రావడం మొదలయింది. మొదట కుర్రాళ్లు, తర్వాత ఆడవాళ్లు, బిందెలతో కొందరు, కొమ్మలు విరుచుకుంటూ కొందరు. పరుగెత్తుకుంటూ వస్తున్నారు. నాకు సంబరం ఆగడం లేదు, మొత్తం వీడియో తీస్తున్నాను. ఇంతమంది వస్తున్నారే, పులిహోర చాలదేమో అని కూడా అనుకున్నాను, ఒట్టు.

పైకొచ్చిన మొదటి కుర్రాడు రొప్పుతూ నన్నడిగేడు, "నియా కాహి?" అని. నిప్పెక్కడ అని. ఏ నిప్పు? వెనకున్నవాళ్లంతా కొండ చుట్టూ చూస్తున్నారు, ముక్కులెగరేసి పొగ వాసన పట్టుకుంటున్నారు. అప్పుడు చేతులెత్తిన మనిషి కూడా వచ్చేడు. పేరు బుద్రా, జీడితోటకి కాపలా. ఒడియాలో విడమరిచి చెప్పేడు. చిన్న రాళ్లు ఎవరైనా వాయించుకోవచ్చట. ఈ పెద్ద రాయిని మాత్రం కొండకి నిప్పంటుకున్నప్పుడే కొడతారట. అది మోగిందంటే ఊళ్లో అన్నం ముందున్నవాళ్లు కూడా లేచి రావాలి. టీ కొట్టాయన చెప్పబోయింది ఇదే.

నా చేతిలో ఫోన్ ఇంకా రికార్డవుతోంది. భూమి బద్దలై నన్ను లోపలికి లాక్కుంటే బావుణ్ననిపించింది. ఆ ఎండలో, పని మానుకుని, పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చేరు జనం. తోట కాలిపోతోందని ఎంత హడలిపోయి ఉంటారు? ఒకావిడ మొహంలో భయం ఇంకా దిగనేలేదు. చేతులు జోడించేను. నాన్నకి చెవిలో అరిచి సంగతి చెప్పేను. ఆయన సుత్తి కింద పెట్టేసి, ఆ ముందున్న పెద్దలకి వంగి దండం పెట్టేడు. తప్పు మాదే అని ఒడియాలో చెప్పేడు.

వాళ్లు తిట్టలేదు. నిప్పు లేదని తెలిసేక ఊపిరి పీల్చుకుని ఒక్కొక్కరే కూలబడ్డారు. నాన్న మాత్రం ఊరుకోలేదు, పరువు కోసం ఒక ముక్క అనాల్సిందే కదా. "అయినా ఈ రాయి మోగనే లేదు కదా, మీకెలా తెలిసింది?" అని అడిగేడు.

అందరూ నాన్న వైపు చూసేరు. తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆ గుంపులో ఓ ముసలావిడ ఉంది, కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. కోడలు చెప్పింది, మా అత్తకి పక్కన డోలు వాయించినా వినబడదు, ఈ రాయి మోత విని ఇంట్లో అందరికంటే ముందు లేచింది ఆవిడేనని. దాంతో నవ్వులు మొదలయ్యేయి. కింద ఊరికి వినబడింది, అవతల తోటల్లో వాళ్లకి వినబడింది, డోలు వినబడని ముసలమ్మకి వినబడింది. కొట్టినాయనకి తప్ప.

నాన్న ఆ నవ్వుల్లో కలవలేదు. మెల్లిగా వెళ్లి రాయి మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. నేను ఆయన చెవి పక్కనే కూర్చున్నాను.

"నిజంగా మోగిందా అమ్మి?" అన్నాడు, నెమ్మదిగా.

"మోగింది నాన్నా. చాలా బాగా మోగింది."

"ఎలాగుంది?"

ఎలా చెప్పను? ఆయన భాషలోనే చెప్పేను. "కొత్త చక్రంలా ఉంది. చిన్నప్పుడు ప్లాట్‌ఫాం చివర నించుని వినేదాన్ని చూడు, అలా."

చాలాసేపు రాతిని తడుముతూనే ఉన్నాడు. తర్వాత తలూపేడు. "అయితే సక్రం మంచిదే. సిక్కయింది ఎగ్జామినరే."

నాకు ఏడుపొచ్చింది. పందెం గెలిచినవాళ్లు ఏడవడం నేనెక్కడా చూళ్లేదు. "డాక్టరు దగ్గరికి వస్తావా మరి" అన్నాను. "వొస్తాను" అన్నాడు. అంత తేలిగ్గా అనేసేడు. కథ ఇక్కడితో అయిపోతే ఎంత బావుండేది, కూతురు గెలిచింది, తండ్రి మారేడు, శుభం.

కాని నాన్న లేచి బుద్రా దగ్గరికెళ్లి, అంతా అయ్యేక ఇప్పుడు, మర్యాదగా అడిగేడు. మేం తెలీక కొడుతున్నాం కదా, మీరు కింద నుంచి ఆపొచ్చు కదా అని. ఆపేను బాబూ అని చెవి దగ్గర అరిచేడు బుద్రా. ఎలా ఆపేవు? బుద్రా రెండు చేతులూ తలకంటే పైకి నిలువుగా ఎత్తి చూపించేడు.

నాన్న మెడ నా వైపు తిరిగింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. రైల్వేలో ఎర్ర జెండా చేతిలో లేకపోతే, రెండు చేతులూ తలకంటే పైకెత్తి నిలబడతారు. అంటే డేంజర్. ఆగు అని. గ్యాంగ్‌మేన్ నుంచి డ్రైవరు దాకా అందరికీ అదే అర్థం. రైల్వే కాలనీలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. మేం రైలాట ఆడుకున్నప్పుడు నా డ్యూటీయే అది. లైను పక్కన ఊరు కాబట్టి బుద్రా కూడా రోజూ చూసేదే.

"సేతులెత్తేడా ఆయన?" అన్నాడు నాన్న.

"ఎత్తేడు."

"ఎన్ని సేతులు?"

"రెండూ."

"నువ్వేటి సేసేవు?"

"నేనూ ఎత్తేను నాన్నా."

కుర్రాళ్లలో ఎవరో వీడియో చూపించమన్నారు, తప్పలేదు, చూపించేను. బుద్రా ఆగమంటుంటే నేను గంతులేస్తూ చున్నీ ఊపడం ఊరంతా చూసింది. ఒకసారి కాదు, వెనక్కి తిప్పించి మళ్లీ చూసేరు. ముసలావిడ వినబడకపోయినా నవ్వింది. ఆ నవ్వుల్లో ఈసారి నాన్న అందరికంటే గట్టిగా కలిసేడు.

"నాకు సెవి నేదు సరే, నీకు కళ్లున్నాయా అమ్మి? నేను సెవుల డాక్టరు దగ్గరికి వొస్తాను. నువ్వు కళ్ల డాక్టరు దగ్గరికి రావాల. అప్పుడే నేనూ."

ఊళ్లో పెద్దలు ఇంకో తీర్పు కూడా చెప్పేరు. ఎలాగూ ఈ వారం తోట చుట్టూ ఎండాకులు ఊడ్చి, నిప్పు దాటకుండా బాట చెయ్యాలట. అందరం కొండెక్కేసేం, చీపుర్లూ ఉన్నాయి, ఇవాళే చేసేద్దాం, మీరూ రండి అన్నారు. వద్దనే మొహం ఎక్కడుంది నాకు? తెల్ల కుర్తీ, కొత్త షూలు వేసుకుని పొద్దువాలేదాకా ఊడ్చేను. నాన్నకి మాత్రం పండగే. గ్యాంగ్ పనిలో దిగినట్టు చొక్కా విప్పి, అందరికీ వరసలు చెప్పి, బుద్రాతో బీడీ కూడా పంచుకున్నాడు. బీడీ సంగతి అమ్మకి చెప్పకండి. పులిహోర అందరికీ తలో పిడికెడు వచ్చింది, వాళ్లు రాగి జావ పోసేరు. అంత రుచిగా నేనేదీ తాగలేదు.

ఆ వారంలోనే విజయనగరం వెళ్లి నాన్నకి మిషన్ పెట్టించేం. పెట్టగానే తలెత్తి, "ఆ ఫ్యాను ఎప్పట్నుంచి అలా మూలుగుతంది?" అన్నాడు. అమ్మ గాజుల చప్పుడు విని వెనక్కి తిరిగి చూసేడు. అమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. రోడ్డు మీద హారన్ కొడితే ఇప్పుడు అందరికంటే ముందు పక్కకి తప్పుకునేది ఆయనే. ఇంక నాకు హాయిగా ఉంది.

మాట ప్రకారం పక్క వీధిలో కళ్ల డాక్టరుకీ చూపించుకున్నాను. ఆయన అక్షరాలన్నీ చదివించి, లైటేసి చూసి, కళ్లు శుభ్రంగా ఉన్నాయమ్మా, అద్దాలక్కర్లేదు అన్నాడు. నేను సంబరపడేను. నాన్న పడలేదు. "అయితే సిక్కు కంట్లో నేదు, ఇంకా లోపలుంది" అని తేల్చేసేడు.

అప్పట్నుంచి నేను రాయగడ వచ్చిన ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందు నాకు ట్రైనింగు. నాన్న మెట్టు మీద కూర్చుంటాడు, నేను వీధిలో నిలబడతాను. ఎదురింటావిడ కుర్చీ తెచ్చుకుంటుంది. ఆ బట్టతల అబ్బాయి మేనత్త కూడా వస్తోంది ఈ మధ్య. నేను రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి.

"అలాగెత్తితే ఏటి అర్థం అమ్మి?"

"ఆగమని నాన్నా."

నాన్న చెవిలో మిషన్‌ని వేలితో ఒకసారి సర్దుకుంటాడు. అది శుభ్రంగా పనిచేస్తోందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఇనబడనేదు. వీధంతా ఇనబడేలాగ సెప్పు."